మట్టిగుట్ట దగ్గర అరగంట

వాగుల ఆఫీసులో ఆమెను అందరూ జల్లెడక్క అనేవారు. ఇంట్లో చెల్లెలికి అక్క, మరిదికి వదిన. గడప దాటితే మాత్రం తనకన్నా పెద్దవాళ్లకు కూడా జల్లెడక్కే. చంకలో ఎప్పుడూ ఒక గుండ్రటి జల్లెడ ఉండేది. చుట్టూ చెక్క అంచు, అడుగున పిండి జల్లెడకన్నా సన్నని తీగవల. వల చిరిగినప్పుడల్లా మార్చింది కానీ, చెక్క మాత్రం ఇరవై రెండేళ్లుగా అదే. బొటనవేళ్లు ఆనించే రెండు చోట్లా అరిగి గుంటలు పడ్డాయి.

ఆమె పని చెప్పడానికి సులువు, చేయడానికే నడుము విరిగిపోతుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, వాగు అడుగునుంచి మట్టి తీసి, జల్లించి, అందులో దాక్కున్న చేపపిల్లల్ని లెక్కపెట్టాలి.

ఆ వాగులో పాముచేపలు ఉండేవి. పెద్దది జానెడు పొడవు ఉంటుంది. గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టి, అక్కడితో తన పని అయిపోయినట్టు చచ్చిపోతుంది. పిల్లలు గుడ్డులోంచి బయటపడి, నీటివాలున కొట్టుకుపోయి, మెత్తటి ఒండ్రు ఎక్కడ దొరికితే అక్కడ అందులోకి దూరిపోతాయి. ఇక నాలుగేళ్లు అదే ఇల్లు. కళ్లుండవు. నీరు తెచ్చి నోటి ముందు పెట్టిన నలుసు తిని బతుకుతాయి. నాలుగేళ్లు నిండాక కళ్లొస్తాయి. అప్పుడు పైకి లేచి, కింద ఎక్కడో ఉన్న పెద్దనదిలోకి వెళ్లిపోతాయి. వేలెడు పొడవు, దారమంత సన్నం. పనివాళ్లు వాటిని దారాలు అనేవారు.

"నాలుగేళ్లు ఒక్కచోటే, ఎవరి మొహమూ చూడకుండా. మా అక్కకి తగ్గ చుట్టాలు దొరికారు" అని చెల్లెలు వేళాకోళం చేసేది.

అందులో నిజం లేకపోలేదు. జల్లెడక్క నలుగురిలో కూర్చునే మనిషి కాదు. పెళ్లి మాట ఎత్తిన రోజుల్లో, "వాగులో పనుంది" అని జల్లెడ పట్టుకుని వెళ్లిపోయేది. అలా వెళ్లివెళ్లి, ఆ మాట ఎత్తేవాళ్లే లేకుండా పోయారు. అంతకుముందు ఆమె ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేసింది. రోజంతా చన్నీళ్లలో నిలబడగల మనిషి కావాలని ఆఫీసువాళ్లు వెతుకుతుంటే ఎవరో ఆమెను చూపించారు. ఆమెకు తెలిసిన విద్య అదొక్కటే. చేరినప్పుడు ముప్ఫై ఏళ్లు. ఇప్పుడు దిగువ వీధిలో, చెల్లెలి ఇంట్లో, వెనకవైపు గదిలో ఉంటోంది. మంచం, గోడకు కొట్టిన చెక్కబల్ల, దాని మీద అంచులు నానిపోయిన పాత నోటుపుస్తకాలు.

ఆ ఇంటి ముందుగది గోడ మీద, మంచం ఎత్తున, ఒక మట్టిచార ఉంది. మూడేళ్ల కిందట వాగు పొంగి దిగువ వీధిలో పద్దెనిమిది ఇళ్లలోకి వచ్చినప్పటి గుర్తు. రెండుసార్లు సున్నం వేసినా ఆ చార మళ్లీ పైకి తేలింది. ఒండ్రు పేరుకుపోయి నీరు నిలిచిపోతోందని తేల్చి, అప్పటినుంచి ఏటా వానలకు ముందు వాగులో యంత్రంతో పూడిక తీస్తున్నారు. అంతకుముందు నాలుగైదేళ్లకు ఒకసారి, అక్కడక్కడా తీసేవారు. తీసే పొక్లెయిన్ నడిపేది ఆమె మరిదే. ఉదయం ఇద్దరూ ఒకే అన్నం డబ్బాల సంచి పట్టుకుని బయల్దేరేవారు. ఆయన యంత్రం ఎక్కేవాడు, ఆమె నీళ్లలోకి దిగేది.

పూడిక తీసే ముందు ఆమె అడుగుమట్టి జల్లించి, ఎన్ని దారాలున్నాయో రాసేది. తీసిన మట్టిని గట్టున గుట్టగా పోశాక, గుట్ట పక్కన నిలబడి గడియారం చూసుకుంటూ సరిగ్గా అరగంట కాపలా కాసేది. మట్టిలోంచి ఎన్ని పిల్లలు పైకొచ్చాయో లెక్కపెట్టడం అందులో భాగం. లెక్కల కాగితంలో దానికున్న గడిలో ఇరవై రెండేళ్లూ ఆమె రాసింది ఒకటే అంకె. సున్నా.

సున్నా అంటే నష్టం లేదని. బకెట్టు దిగిన అదురుకే దారాలు చెదిరి, ఈదుకుంటూ తప్పించుకుంటాయని ఆఫీసులో అందరూ నమ్మారు. ఆమె అందరికన్నా గట్టిగా నమ్మింది. చూడవచ్చిన వాళ్లెవరైనా అడిగితే, మామూలుగా నోరు విప్పని మనిషి ఆ ఒక్క విషయంలో మాత్రం కాస్త గర్వంగా చెప్పేది. "మనకన్నా తెలివైనవండీ. కళ్లు లేకపోయినా కబురు ముందే అందుతుంది వాటికి."

ముందు జల్లించినప్పుడు దొరికే పిల్లల లెక్క మాత్రం ఏటికేడు తగ్గుతూ వచ్చింది. ఎగువన ఉన్న అద్దకాల కార్ఖానా నీళ్లవల్ల అన్నారు. ఎండలవల్ల అన్నారు. ఆమె కూడా తల ఊపింది.

ఆ ఏడు పూడిక పని కిందినుంచి మొదలై వంతెన దగ్గరి మలుపు దాకా వచ్చింది. ఆ మలుపును ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు. వాగు మొత్తంలో లోతైన మెత్తటి ఒండ్రు మిగిలింది అక్కడే. అంతకు వారం ముందు ఆమె జల్లిస్తే నాలుగేళ్లు నిండబోతున్న దారాలు గుప్పెళ్లకొద్దీ దొరికాయి. కొన్నింటికి కళ్లు రాబోయే చోట నల్లటి చుక్కలు కూడా కనబడ్డాయి. వానలు రాగానే పెద్దనదికి పోవలసినవి. మళ్లీ గుడ్లు పెట్టడానికి పైకి వచ్చేవీ అవే. ఆ మలుపు తవ్వడం సోమవారానికి పెట్టారు.

గురువారం మలుపుకు కిందివైపు గుట్ట పోయించి, అరగంట నిలబడి, సున్నా రాసి, భోజనం చేసి ఆమె ఇంటికి వచ్చేసింది. చెల్లెలు సంచిలోంచి డబ్బా తీసి, దాన్ని తలకిందులు చేసి చూసింది.

"మూతేది?"

"అందులోనే ఉందేమో చూడు."

"నేను చూడకుండా అడుగుతానా? ఈ ఏడాది ఇది మూడో మూత. నువ్వు చేపల్ని లెక్కపెడతావు, నేను మూతల్ని లెక్కపెట్టుకోవాలి."

ఆమె తిరిగి వాగు దగ్గరికి నడిచింది. అప్పటికి గుట్ట పోసి మూడు గంటలైంది. యంత్రం దూరంగా మరో చోట పనిచేస్తోంది. పొద్దుట నల్లగా, తడిగా మెరిసిన గుట్ట ఇప్పుడు బూడిదరంగుకు తిరిగి, పైన పగుళ్లు విచ్చింది. దాని మీద ఏడెనిమిది కొంగలు తాపీగా నడుస్తున్నాయి. అదేం కొత్త కాదు. పోసిన ప్రతి గుట్ట మీదా మధ్యాహ్నానికి కొంగలు వాలతాయి. మట్టిలో పురుగుల కోసం వస్తాయని ఆమే చాలామందికి చెప్పింది.

మూత గుట్ట మొదట్లో, రాయి మీద ఉంది. వంగి తీసుకోబోయి అలాగే ఉండిపోయింది.

పగుళ్ల అంచుల మీద దారాలున్నాయి. ఒకటీ రెండూ కాదు. కొన్ని ఎండి, చుట్టుకుపోయి, ఊడదీసిన పాత కుట్టులా ఉన్నాయి. కొన్ని సగం బయటికొచ్చి ఆగిపోయాయి. కొన్ని ఇంకా కదులుతున్నాయి. కొంగ ఒకటి ఆమెను ఓరగా చూసి, ఆమె పాదానికి మూరెడు దూరంలో ఒకదాన్ని తీసుకుని మింగింది.

ఆమె గుట్ట పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూసింది. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. పట్టకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. మట్టి తడిగా ఉన్నంతసేపూ వాటికి అది ఇల్లే. బకెట్టు వచ్చి కుదిపితే అవి పారిపోవు, ఇంకా లోపలికి దూరతాయి. గట్టున పోసినా సంగతి తెలియదు. నీరు ఇగిరి, మట్టి వేడెక్కి, ఊపిరాడనప్పుడు మాత్రమే పైకి వస్తాయి. దానికి గంట పడుతుంది, గంటన్నర పడుతుంది. ఆ సమయానికి ఆమె సున్నా రాసి, చేతులు కడుక్కుని, అన్నం తింటూ ఉంటుంది.

మూతలో నీళ్లు పట్టి, కదులుతున్నవాటిని ఏరింది. ఆ మూతలో పదకొండు పట్టాయి. రెండు చేతులా మూతను పట్టుకుని, తొణక్కుండా, పావుగంట నడిచి మలుపులో వదిలింది. ఏడు మట్టిలోకి దూరాయి. నాలుగు వెల్లకిలా తేలిపోయాయి.

సాయంత్రం చెల్లెలు మూత వాసన చూసి మొహం చిట్లించింది. "ఇందులో ఏం పెట్టావే?"

ఆమె పెరట్లో కాళ్లు కడుక్కుంటున్న మరిది దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఏవయ్యా మరిదీ, మధ్యాహ్నాలు గుట్టల మీద కొంగలు వాలతాయి కదా."

"వాలతాయి వదినా."

"ఏం తింటాయి?"

ఆయన మొహం తుడుచుకుంటూ, ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "దారాలు."

"నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి? నేను రోజంతా అక్కడే కదా ఉండేది. పైనుంచి చూస్తే బాగా కనబడతాయి. ఒక్కోరోజు గుట్టంతా కదులుతున్నట్టుంటుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్పడమేంటి వదినా. లెక్క రాసేదే నువ్వు. యంత్రం తోలేవాడు వచ్చి నీకు చేపల గురించి పాఠం చెబుతాడా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. తువ్వాలు భుజాన వేసుకుని మెల్లగా అడిగాడు. "నీకు నిజంగా తెలియదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ పూట అన్నం దగ్గర, ఇరవై రెండేళ్లలో ఎన్ని గుట్టలో ఆమె మనసులో కూడుకోబోయింది. పదో పన్నెండో ఏడాది దగ్గర ఆపేసింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసులో పెద్దసారు గది ముందు నిలబడింది. పెద్దసారు రిటైరు కావడానికి ఏడాదిన్నర ఉంది. ఎవరినీ నొప్పించని మనిషి, ఏ కాగితాన్నీ తొందరపడి కదిలించని మనిషి. ఆమెను చూసి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"సార్, నేను రాసిన సున్నాలు తప్పు."

"ఏ సున్నాలమ్మా?"

"అన్నీ."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె చెప్పినదంతా విన్నాడు. మధ్యలో అడ్డం రాలేదు. విన్నాక అడిగాడు. "మీరు అరగంట నిలబడి చూశారా, లేదా?"

"చూశాను సార్."

"ఆ అరగంటలో ఏమైనా పైకొచ్చిందా?"

"లేదు సార్."

"అయితే మీ తప్పేముంది? నిబంధన అరగంట. మీరు అరగంట చూశారు."

"ఆ అరగంట ఎవరు పెట్టారు సార్?"

ఆయనకూ అది తెలియదు. తనకన్నా ముందు ముగ్గురు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇనుపబీరువా తెరిచి, పాత దస్త్రం వెతికి తీసి, దుమ్ము దులిపి, మొదటి కాగితాలు తిప్పాడు. ఒక కాగితం దగ్గర వేలు ఆపి, దస్త్రాన్ని ఆమెవైపు తిప్పాడు.

దస్తూరీ ఆమెదే. చేరిన మొదటి నెల రాసింది. 'గుట్ట దగ్గర అరగంట చూశాను. ఏమీ పైకి రాలేదు.' దాని కింద అప్పటి పెద్దసారు ఎర్రసిరాతో రాశాడు. 'ఇకమీదట ఇదే పద్ధతి.'

ఆ రోజు ఆమెకు గుర్తుకొచ్చింది. మబ్బు పట్టింది. అరగంట అయ్యేసరికి వాన మొదలైంది. గొడుగు లేదు. జల్లెడ నెత్తిన పెట్టుకుని పరుగెత్తింది. జల్లెడ వానకు ఏం అడ్డం పడుతుందని పనివాళ్లు వారం రోజులు నవ్వారు. ఆ నవ్వు ఆమెకు ఇన్నాళ్లూ గుర్తుంది. అరగంట ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం గుర్తులేదు.

"సోమవారం మలుపు తవ్వకండి సార్."

"వానలకు మూడు వారాలుంది. మీరు చెప్పింది రాసి పైకి పంపితే జవాబుకు రెండు నెలలు. ఈలోగా నీరు నిలిస్తే?" ఆయన గొంతు తగ్గించాడు. "మీ చెల్లెలి ఇల్లు దిగువ వీధిలోనే కదమ్మా."

ఆమె కళ్ల ముందు గోడ మీది చార కనబడింది.

"పని ఆగదు" అన్నాడాయన. "మీరు అరగంట తర్వాత కూడా అక్కడే కూర్చుంటానంటే నాకు అభ్యంతరం లేదు."

ఆదివారమంతా ఆమె మరిది వెంట పడింది. గుట్ట పోయొద్దు, పలచగా పరుచు, నీళ్లవైపు వాలుగా పరుచు, పైకొచ్చినవి జారి నీళ్లలో పడతాయి అని.

"వదినా, అది బకెట్టు. చేత్తో చాప పరిచినట్టు పరవమంటే ఎలా?"

"నీ చేతికి అదేం లెక్క. పోయినేడు అదే బకెట్టుతో కుక్కపిల్లని గోతిలోంచి తీశావు."

"కుక్కపిల్ల ఒక్కటి" అన్నాడు ఆయన. కానీ సోమవారం ఉదయం, అంతకుముందు ఎన్నడూ చేయని విధంగా, బకెట్టును నేలకు ఆనించి మెల్లగా వెనక్కి లాగుతూ మట్టిని పరవడం మొదలుపెట్టాడు. పలచగా అంటే మూరెడు మందం. అంతకన్నా పలచన చేయడానికి గట్టు చాలలేదు, వ్యవధీ చాలలేదు.

గురువారం మలుపులో వదిలిన ఏడూ ఈ మట్టిలోనే ఉండి ఉంటాయని ఆమెకు అప్పుడు తోచింది.

అరగంట అయింది. ఏమీ లేదు. ఆమె సున్నా రాసింది. గంట అయింది. ఏమీ లేదు. చెల్లెలు బట్టలుతికే తొట్లు రెండు తెచ్చి, గట్టున పెట్టి, తన అక్కను పనీపాటా లేని మనిషిలా చూస్తూ నిలబడింది. "ఇవి నాకు సాయంత్రానికి కావాలి. మళ్లీ మూతల్లా పోగొట్టకు."

గంటా నలభై నిమిషాలకు మట్టి మీద ఒక చిన్న బొడిపె లేచింది. దానిలోంచి మొదటి దారం తల బయటపెట్టింది. తర్వాత దాని పక్కన ఇంకొకటి. తర్వాత చూస్తుండగానే నేలంతా.

జల్లెడక్క జీవితంలో మొదటిసారి లెక్కపెట్టడం మానేసింది. వంగి ఏరడమే. చెల్లెలు మొదట చీ అంది, తర్వాత కొంగు దోపుకుని దిగింది. మరిది యంత్రం ఆపి కిందికొచ్చాడు. ఆ పెద్ద చేతులకు దారాలు దొరకలేదు, జారిపోయాయి. దాంతో మట్టితో సహా తీసి తొట్లో వేశాడు. వాలు మీది కొన్ని తమంతట తామే నీళ్లలోకి జారాయి. కానీ ఆ నీరు నీరులా లేదు. తవ్విన మట్టి కలిసి చిక్కగా, గోధుమరంగులో, అడుగు కనబడకుండా పారుతోంది. దిగువన ఆ మట్టంతా పేరుకుంటుంది. అందులోకి జారినవాటి సంగతి ఎవరికి తెలుసు. ఎండ ఎక్కింది. కొంగలు వచ్చాయి. ఒకవైపు తోలితే రెండోవైపు వాలాయి. మధ్యాహ్నం దాటేసరికి నేల మీద మిగిలినవి కదలడం మానేశాయి.

తొట్లను వంతెనకు ఎగువకు మోసుకెళ్లారు. అక్కడ వాగు చాలావరకు రాళ్లే. మంచమంత వెడల్పున రెండు చోట్ల మాత్రం మెత్తటి మట్టి ఉంది. రెండు తొట్ల పిల్లలకు రెండు మంచాల మట్టి. కొన్ని వెంటనే దూరాయి. చోటు దొరకనివి రాళ్ల మీద తల ఆనించి, దూరాలని చూసి, జారి, మళ్లీ మరో రాయి మీద చూశాయి. ఆమె మోచేతుల దాకా నీళ్లలో పెట్టి, చుట్టుపక్కల రాళ్ల సందుల్లోంచి దొరికిన కాస్త మట్టినీ గోళ్లతో గీకి వాటి ముందుకు తోసింది. చెల్లెలు ఖాళీ తొట్లు కడుక్కుంది.

వానలు వచ్చాయి. వాగు పోటెత్తింది కానీ ఇళ్లలోకి రాలేదు. దిగువ వీధిలో ఆ ఏడు అందరూ హాయిగా నిద్రపోయారు. ముందుగదిలో గోడకు చెల్లెలు ఇంకోసారి సున్నం వేయించింది.

నీరు తగ్గాక జల్లెడక్క వంతెనకు ఎగువకు వెళ్లింది. ఆ రెండు మెత్తటి చోట్ల మీదా వరద కొత్త ఇసుక పరిచింది, మోచేతి లోతున. ఇసుక తప్పించి, కింది మట్టి తీసి జల్లించింది. మూడుసార్లు. ఏమీ లేదు. మర్నాడు వెళ్లి ఇంకో మూడుసార్లు. చేతులు కొయ్యబారిపోయాయి. ఏమీ లేదు.

వాటికి నాలుగేళ్లు నిండాయి. కళ్లొచ్చి, వరదతో పాటు పెద్దనదికి వెళ్లిపోయి ఉండవచ్చు. వెళ్లవలసిన కాలమూ అదే. లేదా ఇసుక కింద ఊపిరాడక, పైకి రాలేక, అక్కడే కరిగిపోయి ఉండవచ్చు. ఖాళీ జల్లెడ రెండింటికీ ఒకేలా ఉంటుంది. వెళ్లి ఉంటే నాలుగైదేళ్లకు ఏవైనా గుడ్లు పెట్టడానికి పైకి వస్తాయి. అప్పటికి ఆమె పనిలో ఉంటుందో లేదో.

ఆఫీసులో గుమాస్తా ఆమె ఇచ్చిన కాగితం చూసి వెనక్కి పిలిచాడు.

"జల్లెడక్కా, ఇదేంటి, గడిలో 'తెలియదు' అని రాశావు?"

"తెలియదు కాబట్టి."

"అక్కడ అంకె ఉండాలి. ఏమీ దొరకలేదు కదా, సున్నా వేస్తే పోతుంది. ఇన్నేళ్లూ వేశావు కదా."

ఆయన కలం తిప్పి ఆమెవైపు చాచాడు. ఆమె కలం తీసుకోలేదు. బల్ల మీది కాగితాన్ని ఒకసారి చూసుకుని, గోడకు ఆనించిన జల్లెడ తీసి చంకలో పెట్టుకుంది.

"ఎక్కడికి? ఇది పూర్తి చేసి వెళ్లు" అన్నాడు గుమాస్తా.

"వరదకు పూడుకుపోయిందని పశ్చిమపు కాలువలో పూడిక తీస్తున్నారు. పొద్దున పోసిన మట్టి" అంది ఆమె. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. "ఇప్పుడిప్పుడే వేడెక్కుతూ ఉంటుంది."